పడవపాటలో ప్రాస

గోదావరి పడవపాటలకు యతి లేదు, ప్రాస లేదు, కావున అవి కవిత్వము కానేరవు అనువారు నేటికిని కలరు. వీరు ఏ కొలతతో కొలిచిరో ముందు విచారింపవలెను.

లక్షణకర్తల ప్రాస పాదమున రెండవ యక్షరమునకు సంబంధించినది. వృత్తములకును కందమునకును అది తప్పదు. ఆటవెలది, తేటగీతి, సీసములకు ఆ నిర్బంధము లేదు. ద్విపదయందు ప్రాస విడిచినచో దానిని మంజరి యనిరి గాని కవిత్వము కాదని త్రోసివేయలేదు. పండితుని పద్యమున కిచ్చిన సెలవు పడవవాని పాటకేల యీయరాదు?

ఇక రేవునకు వత్తము. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసిన పిదప డెల్టా కాలువలు సేద్యమునకే గాక రాకపోకలకును దారులైనవి. గాలి లేనపుడు పడవవారు గట్టున నడచుచు పడవను త్రాటితో లాగెడివారు. లోతు తక్కువైనచోట గడ వేసెడివారు. ఒకడు మాట యందించును. తక్కినవారు ‘హైలెస్స’ యని యందుకొందురు. ఆ మాటకు నిఘంటువున నర్థము వెదకుట వ్యర్థము. అందరి భుజములును ఒక్కమారు వంగుటయే దాని యర్థము.

లాగు, సాగు అను రెండు మాటలను చూడుడు. రెండవ యక్షరము రెంటను గకారమే, దానికి ముందున్నది గురువే. అప్పకవియు కాదనలేని ప్రాస! పడవవాడు అప్పకవిని చదివి దీనిని కూర్పలేదు. బలము పెట్టునపుడు ఊపిరికి దీర్ఘము కావలెను, విడుచునపుడు హ్రస్వము చాలును. అట్టి మాటలనే నోరు ఏరుకొన్నది. అతని ప్రాస చేతిలో పుట్టి చెవికి వచ్చినది.

అందుచేత పాటను అచ్చువేయునపుడు ‘హైలెస్స’లు వ్యర్థపదములని తీసివేయుట, పలుకుబడిని గ్రాంథికమునకు దిద్దుట, పడవనుండి గడను తీసివేసినట్టిదే. నేటి రచయితలు కొందరు దీనికి విరుద్ధమైన తప్పు చేయుదురు: పాదము చివర అంత్యప్రాస అతికించి, ఒక ‘హైలెస్స’ తగిలించి పడవపాట యందురు. అట్టి పాట పాడుచు గడ వేసిచూచిన, రెండవ చరణమునకే చేయి తప్పును.

రాజమహేంద్రవరమునకు 1900లో రైలువంతెనయు, 1974లో రోడ్డుతో గూడిన వంతెనయు, యానాము–ఎదురులంకల నడుమ 2002లో మరియొకటియు వచ్చినవి. పంటులకు ఇంజనులు వచ్చినవి. ఇందులకు చింతింప బనిలేదు. పాట నిలుచుటకై కూలివాని నడుము విరుగవలెననుట క్రూరము. కాని ఆ పాట తెలిసిన ముదుసలి యే రేవుననైన దొరికినచో, మాటలతోపాటు త్రాడు ఎక్కడ బిగిసెనో, ఎక్కడ వదులయ్యెనో అడిగి, అక్షరముపై గుర్తుపెట్టి వ్రాసికొనవలెను.