ఒక్క బొటనవేలు, రెండు పక్షులు

ఆళ్లగడ్డలో మా అమ్మమ్మవాళ్ళ అటక మీద మొన్న వేసవిలో ఓ అట్టపెట్టె దొరికింది. అందులో మా పాత టీవీ గేమ్, రెండు రిమోట్లు, పసుపుపచ్చ క్యాసెట్టు ఒకటి. అడాప్టరు వైరు తెగి ఉంటే నంద్యాలలో టీవీలు బాగుచేసే ఒకాయన చేత అతికించుకున్నాను. క్యాసెట్టు అడుగున ఉండే రాగి గీతలను చిన్నప్పుడు నోటితో ఊదేవాళ్ళం. ఊదితే నోటి తడి చేరి అవి ఇంకా పాడవుతాయని తర్వాత తెలిసింది. ఈసారి దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచాను. డబ్బా టీవీలో బొమ్మ వచ్చింది.

తొంభైల్లో మన ఊళ్ళలో టీవీ గేమ్ అని కొన్నవి, 1983 జులైలో నింటెండో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకళ్ళు. మా ఊరికి అసలు యంత్రం రాలేదు, నకలు వచ్చింది. ఒక్కో క్యాసెట్టులో బోలెడు ఆటలు కుక్కి అమ్మేవాళ్ళు. పిల్లలందరూ మారియో కోసం, కాంట్రా కోసం కొట్టుకునేవాళ్ళు. మా అక్కకూ నాకూ మాత్రం జాబితాలో ఎక్కడో అడుగున ఉన్న బాతుల ఆట కావాలి. అవి పెంగ్విన్‌లని అప్పట్లో మాకు తెలియదు.

ఆ ఆట పేరు బైనరీ ల్యాండ్. సపోరోలోని హడ్సన్ సాఫ్ట్ 1985లో ఫ్యామికామ్‌కు తెచ్చింది. ఆ ఏడాదే సెప్టెంబరులో సూపర్ మారియో బ్రదర్స్ వచ్చి లోకాన్ని తన వైపు తిప్పుకుంది. హడ్సన్ వాళ్ళ సొంత బాంబర్‌మ్యాన్ కూడా అదే ఏడాది ఫ్యామికామ్‌కు వచ్చింది. ఆ రెండింటి మధ్య ఈ చిన్న ఆటను పట్టించుకున్నవాళ్ళు తక్కువ. బాంబర్‌మ్యాన్ నాకూ ఇష్టమే. అయినా ఆ ఏడాది హడ్సన్ తెచ్చిన ఆటల్లో గొప్పది ఇదేనని నా నమ్మకం.

తెర మధ్యలో నిలువుగా ఒక గోడ. గోడకు ఆ పక్క ఒక పెంగ్విన్, ఈ పక్క ఒకటి. పేర్లు గురిన్, మలోన్. కుడి మీట నొక్కితే ఒకటి కుడికి పోతుంది, రెండోది అద్దంలో బొమ్మలా ఎడమకు పోతుంది. పైకీ కిందికీ మాత్రం రెండూ కలిసే నడుస్తాయి. పైన నడిమధ్యలో పంజరంలో ఓ గుండె బొమ్మ. రెండూ చెరో వైపు నుంచీ ఒకేసారి దాన్ని చేరాలి. దారులు మాత్రం రెండు పక్కలా ఒకేలా ఉండవు. ఒకదానికి గోడ అడ్డొచ్చి ఆగితే రెండోది సాగిపోతుంది. ఒకటి సాలెగూట్లో చిక్కితే రెండోదే వచ్చి మందు చల్లి విడిపించాలి. రెండూ చిక్కుకుంటే ఒక ప్రాణం పోయినట్టే. ఒక పిట్ట తగిలిందంటే రెండూ అటుదిటు ఇటుదటు మారిపోతాయి. ఫ్యామికామ్ పని చేసుకోవడానికి ఉన్న జ్ఞాపకశక్తి రెండంటే రెండు కిలోబైట్లు. అంత ఇరుకులో ఒకే ఒక్క నియమం పెట్టి, దాన్నుంచి ఇంత ఆటను పిండారు.

ఆడుతున్నంతసేపూ వెనక వచ్చే పాట ఎరిక్ సాటీ అనే ఫ్రెంచి సంగీతకారుడిదని పెద్దయ్యాక తెలుసుకున్నాను. ఆళ్లగడ్డ ఇంట్లో, కరెంటు ఉన్న కాసేపట్లో, మేము విన్న మొదటి పాశ్చాత్య సంగీతం అదే అయ్యుంటుంది.

అక్కా నేనూ పని పంచుకున్నాం. రిమోట్ నా చేతిలో. కుడి పక్కది ఆమె చూడాలి, ఎడమది నేను. "ఆగురా, ఆడ సాలీడు!" అని అరిచేది. నేను ఆగేసరికి నా పక్కది ఇంకో సాలీడు నోట్లో పడేది.

ఒంటరిగా ఆడటం నాకు మా మామ దగ్గర వచ్చింది. ఆళ్లగడ్డ శిల్పులకు పేరున్న ఊరు. ఎక్కడెక్కడి గుళ్ళకో ఇక్కడి నుంచి విగ్రహాలు పోతాయి. మామకు అదే పని. రాతి మీద ఆయన అన్నిటికన్నా ముందు నిలువుగా నడిమి గీత గీసేవాడు. శిల్పశాస్త్రం దాన్ని బ్రహ్మసూత్రం అంటుంది. ముక్కు కొన, బొడ్డు అన్నీ దాని మీదే కూర్చోవాలి. ఎడమ భుజం చెక్కుతూ ఉన్నట్టుండి కుడి వైపుకు పోయేవాడు, మళ్ళీ ఇటు వచ్చేవాడు. రెండు పక్కలూ ఎట్లా గుర్తుంటాయి మామా అని అడిగితే, "నేను పక్కలు చూడను అబ్బీ, గీతనే చూస్తా" అన్నాడు.

ఆ సాయంత్రం టీవీ ముందు కూర్చుని పెంగ్విన్‌ల జోలికి పోకుండా మధ్య గోడనే చూశాను. మొదట కళ్ళు అటూ ఇటూ జారాయి. పట్టి ఉంచాను. కాసేపటికి రెండు పక్షులూ చూపు అంచుల్లో వాటంతట అవే కనిపించసాగాయి, సాలీళ్ళతో సహా. ఎన్నడూ దాటని నాలుగు మెట్లు ఆ రోజే దాటాను.

ఇప్పుడు రోజూ పడుకునే ముందు అరగంట ఆడుతున్నాను. గోడ మీద చూపు నిలబడటానికి మొదటి రెండు మెట్లు పడుతున్నాయి. పిట్ట తగిలినప్పుడు మాత్రం చూపు చెదిరిపోతోంది. ఏది ఎటున్నదో తేల్చుకునేలోపు సాలెగూడు. పోయిన ఆదివారం అక్క నంద్యాలలో మా ఇంటికి వచ్చింది. టీవీ పెట్టగానే, నేను అడగకముందే, నాకు కుడి పక్కన వచ్చి కూర్చుంది.