ప్రొజెక్టర్ గదిలో పనితనం

1964లో మొదలైన పుణె జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ సినిమాలు, పోస్టర్లు, పాటల పుస్తకాలు దాస్తోంది. ప్రొజెక్టర్ ఆపరేటర్ పనితనం మాత్రం బీరువాలో పట్టేది కాదు. ఫిల్ము రీళ్ల రోజుల్లో రెండు కార్బన్ కడ్డీల మధ్య పుట్టే వెలుగుతోనే తెర మీద బొమ్మ పడేది. అవి కాలి అరిగేకొద్దీ దగ్గరికి జరుపుతుండాల్సి వచ్చేది. ఏమరితే బొమ్మ మసకబారేది, కింద ఈలలు మొదలయ్యేవి. వెయ్యి అడుగుల ఫిల్ము సుమారు 11 నిమిషాలే. తెర మూలన చుక్క మెరవగానే రెండో ప్రొజెక్టర్ అందుకోవాల్సి ఉండేది, చూసేవాళ్లకు తెలియకుండా. ఫిల్ము తెగితే బ్లేడుతో పూత గీకి, ఫిల్ము సిమెంటుతో అతికించి, మళ్లీ ఎక్కించాల్సి వచ్చేది. హీరోకి పడ్డ చప్పట్లలో ఆపరేటర్ వాటా ఎవరు లెక్కేశారు గనక!

అందుకే కేసముద్రం లాంటి ఊళ్లో గ్రంథాలయం జనాన్ని పిలిచి, ఊరి సినిమా ముచ్చట్లు రికార్డు చేసి ఆన్‌లైన్‌లో పెడితే, మొదటి కుర్చీ ఆపరేటర్‌కే వెయ్యాలి. టికెట్ చింపినాయన ఆ తర్వాత.