డేగ చూపుకు పగ్గం

డేగ తలకు తొడిగే బుర్ఖా ముడిని వదులు చేయడానికి రెండు పట్టీలుంటాయి. ఒకదాన్ని పళ్లతో పట్టుకుని, రెండోదాన్ని ఖాళీ చేత్తో లాగి ముడి వదులు చేస్తాడు సక్కార్, అంటే డేగల వేటగాడు. తోలు టోపీ తొలగగానే డేగ ఎగరదు. ముందు తలను పైకీ కిందకీ ఊపుతుంది. అలా ఊపితే దగ్గరివి ఎక్కువగా, దూరానివి తక్కువగా జరిగినట్టు కనిపిస్తాయి. ఆ తేడాతోనే మెదడు దూరాన్ని లెక్కగడుతుంది.

ఖతార్‌లో డేగ తలకు తొడిగే ఈ బుర్ఖాను చూసి కొత్తవాళ్లు జాలిపడతారు. అక్కర్లేదు. ఆ కంటి సంగతి తెలిస్తే అది శిక్ష కాదు, విశ్రాంతి అని అర్థమవుతుంది.

మన కంట్లో బాగా స్పష్టంగా చూసే చోటు ఒక్కటే. చెయ్యి చాస్తే బొటనవేలి గోరు ఎంత కనిపిస్తుందో, దాదాపు అంత మేరే దానికి అందుతుంది. అందుకే కళ్లు సెకనుకు మూడు సార్లు గెంతుతుంటాయి, మెదడు ఆ ముక్కలను కలిపి దృశ్యం అల్లుకుంటుంది. డేగకు ఒక్కో కంట్లో అలాంటి చోట్లు రెండు. ఒకటి ముందుకు చూస్తుంది. లోతైన రెండోది సుమారు 45 డిగ్రీలు పక్కకు చూస్తుంది, దూరపు చూపుకు అదే ఆధారం. కానీ తల పక్కకు తిప్పి దూకితే గాలి అడ్డుకుంటుంది. అందుకని తల తిన్నగానే ఉంచి, ఆ పక్కచూపు ఎర మీదే నిలిచేలా వంపు దారిలో దూసుకెళ్తుందని అమెరికా శాస్త్రవేత్త వాన్స్ టక్కర్ 2000లో వివరించాడు.

ఇంత చూపున్న పక్షిని కదిలే ప్రతిదీ లాగుతుంది. పక్షుల మెదడులో ఆప్టిక్ టెక్టం అనే భాగంలో దృశ్యాల మధ్య పోటీ జరుగుతుంది. ఒకటి గెలిస్తే మిగతావి అణిగిపోతాయి. స్టాన్‌ఫర్డ్‌లో ఎరిక్ నూడ్సెన్ బృందం గుడ్లగూబల్లో దీన్ని లోతుగా పరిశీలించింది. బుర్ఖా వేస్తే అసలు పోటీయే ఉండదు. అరబ్బు వేటగాళ్లు ఈ కిటుకును అనుభవంతోనే పట్టారు. యూరప్‌లో డేగ కనురెప్పలు కుట్టేసే రోజుల్లో, టోపీ వాడకం తూర్పువాళ్ల నుంచి నేర్చుకున్నదేనని 13వ శతాబ్దపు చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్ స్వయంగా రాశాడు. (డేగల వేట మనకూ కొత్త కాదు. కల్యాణి చాళుక్య రాజు సోమేశ్వరుడి ‘మానసోల్లాసం’లో దానికి ఒక ప్రకరణమే ఉంది.)

శిక్షణంతా చూపును మలచడమే. రాత్రిళ్లు మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే గదిలో, జనం మధ్య బుర్ఖా తీసి, మాంసం ముక్క పెట్టి, మళ్లీ వేస్తారు. బెదురు పుట్టించేవి మెల్లగా మామూలైపోతాయి. ఆ తర్వాత తిల్వా అనే ఎర వంతు. హుబారా అనే పక్షి ఈకలను కట్టగా కట్టి తాడుతో గిరగిరా తిప్పుతారు. ఎడారంతా పరుచుకుని ఉన్నా ఆ కదలికనే ఏరుకోవడం డేగకు అలవాటవుతుంది.

హుబారా మన రోళ్లపాడు బట్టమేకపిట్టకు చుట్టం. మితిమీరిన వేటకు అవి బాగా తగ్గిపోయాయి. ఈ కళను ఎంత మెచ్చుకున్నా ఆ మచ్చను దాచలేం. 2010లో యునెస్కో డేగల వేటను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు దాన్ని ప్రతిపాదించిన దేశాల్లో ఖతారూ ఉంది. జాబితాకెక్కాల్సింది వేటాడి చంపడం కాదు, ఈ శిక్షణ అని నా అభిప్రాయం.

ఖతార్‌లోని సీలైన్ దగ్గర చలికాలంలో మర్మీ డేగల పోటీలు జరుగుతాయి. వాటిలో అత్తలా అనే పోటీ దూరపు చూపుకు పరీక్ష. దోహాలో ఉండే తెలుగువాళ్లు వేగం పందేల దగ్గరే ఆగిపోకుండా దాన్నీ చూడండి. డేగను చూడాల్సింది అక్కడే.