హెల్మెట్‌లో డప్పు

సూర్యాపేట దాటాక మొదలయ్యేది. స్పీడు 80కి చేరగానే హెల్మెట్ లోపల ఎవరో డప్పు అందుకున్నట్టు దడదడ. కోదాడ వచ్చేసరికి మెడ పట్టేసేది. విజయవాడలో అక్కయ్య కాఫీ చేతికిచ్చి ఏదైనా అడిగితే, చెవుల్లో హోరు తగ్గక రెండోసారి అడిగించుకునేవాణ్ని. బండికి ముందు అద్దం లేకపోవడమే కారణమని చాన్నాళ్ళు నమ్మాను.

జానెడు విండ్‌స్క్రీన్ కొని బిగించాను. ఛాతీకి కొట్టే గాలి ఆగింది. డప్పు మాత్రం రెట్టింపయింది.

మా వీధి మెకానిక్ అద్దం వైపు చూడనే లేదు. "హైవే మీద ఫుట్‌రెస్టుల మీద జర లేచి చూడన్నా" అన్నాడు. ఖాళీ రోడ్డు చూసుకుని లేచాను. నాలుగు వేళ్ళ ఎత్తు లేచానో లేదో దడదడ ఆగిపోయింది. గాలి ముఖానికి గట్టిగానే తగిలింది గానీ నున్నగా తగిలింది. కూర్చుంటే మళ్ళీ డప్పు. అంటే ఇన్నాళ్ళూ నేను తిట్టుకున్న ఎదురుగాలి కాదు ఇప్పుడు నన్ను కొడుతున్నది. అద్దం అంచు దగ్గర తెగి, వెనక ఖాళీలోకి సుళ్ళు తిరుగుతూ పడే గాలి. అది సరిగ్గా నా తల ఎత్తునే పడుతోంది. నాకన్నా మూడంగుళాలు పొట్టి అయిన మా తమ్ముడు అదే బండి నడిపి, "బాగానే ఉందిగా అన్నయ్యా" అన్నాడు!

మెకానిక్ అద్దానికీ బ్రాకెట్‌కీ మధ్య వాషర్లు పేర్చి, కింద వేలు పట్టే సందు వదిలాడు. ఆ సందులోంచి కాస్త గాలి లోపలికొస్తే వెనక ఖాళీ నిండి, సుడి బలం తగ్గుతుంది. హార్లీ డేవిడ్‌సన్ 2014 మోడళ్ళలో తన బ్యాట్‌వింగ్ ఫెయిరింగ్‌కి, అంటే బండి ముందుండే గాలి తొడుగుకి, కిటికీ పెట్టింది కూడా ఇందుకే. మావాడు వాషర్లతో కానిచ్చేశాడు.

గబ్బిలం రెక్కల్లాంటి ఆ బ్యాట్‌వింగ్ ఫోర్కుకి బిగించి ఉంటుంది, హ్యాండిల్‌తో పాటే తిరుగుతుంది. చేతికి దగ్గరగా, ఒద్దికగా ఉంటుంది కానీ పక్కగాలి దాన్ని తోస్తే ఆ తోపు నేరుగా చేతులకే వస్తుంది. అదే కంపెనీ రోడ్ గ్లైడ్‌కి సొరచేప ముక్కులాంటి ఫెయిరింగ్. ఫ్రేముకి బిగించి, కదలకుండా ఉంటుంది. డల్లాస్‌లో మా బావమరిది దగ్గర ఉన్నది అదే. నేను నడిపి చూసినప్పుడు పెద్ద ట్రక్కు పక్కనుంచి పోయినా హ్యాండిల్ బెదరలేదు. పార్కింగ్‌లో మలుపు తిప్పేటప్పుడు మాత్రం హ్యాండిల్ తిరుగుతుంటే ముందున్న లైట్లు నిటారుగా చూస్తూ ఉండటం వింతగా అనిపించింది. కరిజ్మా బైకు నడిపినవాళ్ళకి ఇది కొత్త కాదులెండి.

ఫెయిరింగ్ ఎక్కడ బిగించారన్నదే కాదు, ఎలా కూర్చునేవాడికన్నదీ చూడాలి. బీఎండబ్ల్యూ 1976లో ఆర్100ఆర్ఎస్‌కి ఇటలీలోని పినిన్‌ఫరీనా విండ్ టన్నెల్‌లో పరీక్షించి మరీ ఫుల్ ఫెయిరింగ్ తొడిగింది. రెండేళ్ళకి అదే ఇంజన్‌తో ఆర్100ఆర్‌టీ తెచ్చింది. మొదటిది కాస్త ముందుకి వంగి నడిపేవాడికి, రెండోది నిటారుగా కూర్చునేవాడికి. చొక్కా కొలతల్లాంటి వ్యవహారమే. మనం మాత్రం ఫొటో చూసి కొనేస్తాం. అద్దం పైఅంచు ముక్కు ఎత్తు దాటకూడదని, దాని మీదుగా చూడాలే గానీ దాని లోంచి కాదని నాకు అర్థమైంది వానలో, రాత్రిపూట, ఎదురు లారీ లైట్లు తడి అద్దమంతా పరుచుకున్నాకే.

ఇక మన ఎండలు. ఫుల్ ఫెయిరింగ్ ఉంటే ట్రాఫిక్‌లో ఇంజన్ సెగ మోకాళ్ళకి తగులుతుంది, అందుకే నా ఓటు చిన్న అద్దానికే. అలాగని మే నెల మధ్యాహ్నం గాలికి ఎదురెళ్ళడం హాయి అనుకోవద్దు. గాలి వేడి ఒంటి వేడిని బాగా మించాక అది చల్లబరచదు, కాలుస్తుంది. అప్పుడు ఆ కాస్త అద్దమే నయం. నకిరేకల్ దగ్గర వేపచెట్టు కింద సోడా బండి కనిపిస్తే నేనైతే స్టాండు వేసేస్తాను. మెడకి తడి తువ్వాలు చుట్టుకుని, పొద్దు వాలేదాకా అద్దం మీది పురుగుల మరకలు తుడుస్తూ కూర్చుంటాను.