పట్టుబడి దాకా

పోయిన వారం మైపాడు రోడ్డులో టీ తాగుతుంటే ఒక కుర్రాడు పలకరించాడు. ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదువుకుని రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్‌గా చేస్తున్నాడు. "అన్నా, నేనూ ఉద్యోగం మానేసి నీ మాదిరి సొంతంగా గుంటలు చూసుకుందామనుకుంటున్నా. లెటర్ ఎప్పుడు ఇమ్మంటావు?" అని అడిగాడు.

"ఇప్పుడు నీ చేతి కింద ఎన్ని గుంటలున్నాయి?"

"ఇరవై రెండు."

"వాటి వయసులు చెప్పు."

వేళ్ల మీద లెక్కపెట్టాడు. కొన్ని ముప్పై రోజులవి, కొన్ని డెబ్బై దాటినవి, రెండింటికి మొన్ననే సీడు వేశారు. "నీ ప్రశ్నకు జవాబు ఇప్పుడు నువ్వు లెక్కపెట్టిందే అబ్బయ్యా" అన్నాను. ఇంతలో ఫోన్ మోగింది. ఎవరి గుంటలోనో రొయ్య మేతకు రావడం లేదట. బండెక్కి వెళ్లిపోయాడు. అతనికి చెప్పాలనుకున్నదంతా ఈ వారం ఇక్కడ రాస్తున్నాను.

అల్లూరు, విడవలూరు నుంచి ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మీదుగా కోట, వాకాడు దాకా మా తీరమంతా రొయ్యల గుంటలే. టైగర్ రొయ్య వేసిన తొలి రోజుల్లో పక్క గుంట రైతును చూసి ఈ గుంట రైతు నేర్చుకున్నాడు. 1994లో తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలకు గుంటలు ఖాళీ చేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామి రొయ్యకు అనుమతి దొరికాక సాగు మళ్లీ లేచింది. నీళ్లు పరీక్షించి, అడుగు మట్టి వాసన చూసి, రొయ్యను వెలుతురుకు పట్టి పేగు నిండిందో లేదో చెప్పగల మనిషి కట్ట మీద ఉండాలని రైతుకు తెలిసొచ్చింది ఆ దెబ్బలు తిన్నాకే. టెక్నీషియన్‌కు విలువ వచ్చింది కూడా అప్పుడే.

అయితే ఆ టెక్నీషియన్‌కు జీతం రైతు ఇవ్వడు. మేత కంపెనీయో, మందుల కంపెనీయో, హేచరీయో ఇస్తుంది. మేత బస్తా కొన్న రైతుకు సలహా ఊరికే వస్తుంది. నేను ఆరేళ్లు అలాగే చేశాను. ఈ రోజు నాకు తెలిసిన పనంతా ఆ ఆరేళ్లలో నేర్చుకున్నదే. కానీ నెలాఖరుకు టార్గెట్ ఉండేది. నీటి రంగు బాగుండి, రొయ్య చలాకీగా ఉన్న రోజున "ఏమీ వేయొద్దు, ఊరికే ఉండు" అన్నదే సరైన సలహా. ఆ సలహా వల్ల ఒక్క డబ్బా కూడా అమ్ముడుపోదు. ఆ మాట భయం లేకుండా చెప్పగలిగే చోటు కోసమే నేను బయటికొచ్చాను.

ఇంట్లో చెప్పగానే అమ్మ భయపడింది. "పర్మినెంటు ఉద్యోగం వదిలి కాంట్రాక్టు ఏంది నాయనా?" అంది. ఆమె భయంలో న్యాయముంది. మా జిల్లాలో కాంట్రాక్టు అంటే ఒకటి కాలువ పనులు, రోడ్డు పనులు చేసే కాంట్రాక్టరు. రెండోది పోర్టులోనూ, థర్మల్ కేంద్రాల్లోనూ ఎప్పుడు వద్దంటే అప్పుడు ఇంటికెళ్లే కూలీ. మూడోది రెగ్యులర్ చేయమని ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రభుత్వ కాంట్రాక్టు ఉద్యోగి. నేను చేయబోయేది వీటిలో ఏదీ కాదనీ, ఒక్కో రైతుతో ఒక్కో పంటకు ఒప్పుకుని, ఆ పంటకు నా పనికి ఇంత అని తీసుకుంటాననీ ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి వారం పట్టింది.

2021 జూన్ 1న రాజీనామా లెటర్ ఇచ్చాను. నా నియామక పత్రంలో నోటీసు 60 రోజులు. ఆ తేదీ నేను ఊరికే ఎంచుకున్నది కాదు. వనామి పంట వేసిన నాటి నుంచి పట్టుబడి దాకా, అంటే రొయ్యలు పట్టే రోజు దాకా, 90 నుంచి 120 రోజులు. మార్చిలో సీడు వేసిన 14 గుంటలు నా చేతి కింద ఉన్నాయి. జులై 31 నా ఆఖరి రోజైతే ఆ లోపల అన్నీ పట్టుబడి అయిపోతాయి. 70వ రోజున వదిలిపోతే, కొత్తగా వచ్చినవాడికి ఆ గుంట స్వభావం తెలిసే సరికే నష్టం జరిగిపోతుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయేది ఏ గుంటలో ముందో, నల్లమట్టి ఏ మూల పేరుకుంటుందో, ఏ రైతు మనకు చెప్పకుండా రాత్రిపూట మేత పెంచుతాడో అతనికి ఎలా తెలుస్తుంది?

కంపెనీ ఆ లెటర్‌ను మంచిగా తీసుకోలేదు. రేపటి నుంచి గుంటల మీదికి పోవద్దన్నారు. పట్టుబడి అయ్యేదాకా పోనివ్వమని కాగితం మీద రాసిచ్చి ఒప్పించుకున్నాను. గుంటకో పేజీ చొప్పున నోటు పుస్తకం రాశాను. సీడు వేసిన తేదీ, హేచరీ, చదరపు మీటరుకు ఎన్ని పిల్లలు, ఉప్పుశాతం, ఏరేటర్లు ఎన్ని, గత పంటలో వచ్చిన జబ్బు, చెక్‌ట్రేలో మేత ఎంతసేపటికి అయిపోతుంది, అన్నీ రాసి నా తర్వాతి మనిషి చేతికిచ్చాను. ఆ రెండు నెలల్లో కొత్తగా వేసిన సీడును మొదటి రోజు నుంచీ అతని పేరు మీదే ఉంచమని అడిగాను. అయినా రిలీవింగ్ లెటర్ చేతికి రావడానికి మూడు నెలలు పట్టింది. అప్పుడు బాధపడ్డాను. కానీ ఆ నోటు పుస్తకం రాసినందుకు ఏ రోజూ బాధపడలేదు.

ఆ 60 రోజుల్లో నలుగురు రైతులు వచ్చి "ఇక మా గుంట నువ్వే చూడు" అన్నారు. చేతికొచ్చిన పని వద్దనడం కష్టం. "జులై ఆఖరు దాకా నా జీతం కంపెనీది, నా మాట కూడా కంపెనీదే. ఆగస్టులో మాట్లాడుకుందాం" అన్నాను. ఉద్యోగం మానేశాక అదే పని చేయకూడదని నియామక పత్రంలో ఏం రాసినా, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ మనిషి బతుకుతెరువుకు అడ్డుపడే షరతు చెల్లదంటుంది. బలవంతంగా ఉద్యోగంలో ఉంచే హక్కు కూడా ఎవరికీ లేదు. మహా అయితే మిగిలిన నోటీసు రోజుల జీతం అడగగలరు. కానీ జీతం తీసుకుంటూ యజమాని రైతులను మన వైపు లాక్కోవడం, ధరల పట్టికలు ఫోన్‌లోకి ఎక్కించుకుపోవడం వేరు. దానికి ఏ సెక్షనూ అండ కాదు.

అమెరికాలో కాంట్రాక్టు మీద పనిచేసే బంధువులు మా ఊళ్లో ప్రతి వీధిలో ఉన్నారు. అక్కడ వాడుకలో ఉన్న నోటీసు రెండు వారాలు. హైదరాబాదు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలాచోట్ల 90 రోజులు. ఇంకో ఉద్యోగానికి వెళ్లేవాడికి ఆ 90 రోజులు భారమే, కొత్త కంపెనీ అన్నాళ్లు ఆగదు. సొంత పనికి వెళ్లేవాడికి మాత్రం అవి జీతం వచ్చే ఆఖరి రోజులు. ఒక్కటీ వృథా చేయకూడదు.

రొయ్య గుల్ల విడిచే రాత్రి రైతు ఏం చేస్తాడో చూడండి. గుల్ల విడిచిన రొయ్య ఒళ్లు మెత్తగా ఉంటుంది, పక్క రొయ్యే దాన్ని తినేయగలదు. రైతు ఆ రాత్రి మేత తగ్గిస్తాడు, ఏరేటర్లన్నీ తిప్పుతాడు, ఖనిజాలు చల్లుతాడు. గుల్ల గట్టిపడే దాకా కొత్త ప్రయోగం ఏదీ చేయడు. ఉద్యోగం విడిచే మనిషికీ ఆ జాగ్రత్తలే కావాలి.

ఇక డబ్బు జాగ్రత్తలు. పర్మినెంటు ఉద్యోగికి ఐదేళ్ల సర్వీసు నిండితేనే గ్రాట్యుటీ. గ్రాట్యుటీ లెక్కలోకి వచ్చే ఆఖరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తోనూ, చేసిన ఏళ్లతోనూ గుణిస్తే వచ్చే మొత్తం అది. ఐదేళ్లకు నాలుగు నెలలే తక్కువైతే ఆగండి. పీఎఫ్ డబ్బు తీసి ఖర్చు పెట్టకండి, పింఛను అర్హతకు పదేళ్ల సర్వీసు లెక్క ఉంటుంది. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఆఖరి రోజుతో పోతుంది. నేను మానేసింది కరోనా రెండో అల రోజులు. లెటర్ ఇవ్వకముందే ఇంటిల్లిపాదికీ సొంత పాలసీ తీసుకున్నాను. ఇంటి అప్పు అవసరమైతే జీతం చీటీ ఉండగానే తీసుకోవాలి, తర్వాత బ్యాంకు రెండు మూడేళ్ల పన్ను రిటర్నులు అడుగుతుంది. పన్ను ఇక ఎవరూ కోసి పెట్టరు, మనమే గుర్తుపెట్టుకుని కట్టాలి. జీఎస్టీ పడే సేవలు చేసేవారికి ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు కావాలి. వీటన్నిటికీ ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండాలి.

ఆ ఆరు నెలల మాట నాకు పుస్తకాలు నేర్పలేదు. 2021 ఆగస్టు మూడో వారంలో నా తొలి ఒప్పందం గుంటలకు సీడు పడింది. బాగా వచ్చాయి. నవంబరు 20 నాటికి 90 రోజులు దాటాయి, ఇంకో వారంలో పట్టుబడి. సరిగ్గా అప్పుడే సోమశిల జలాశయం నుంచి వదిలిన నీళ్లతో పెన్నా పొంగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టా, జాతీయ రహదారీ కొట్టుకుపోయాయి. కట్టలు తెగి రొయ్యలన్నీ వరదలో పోయాయి. నా ఫీజంతా పట్టుబడి రోజునే తీసుకుంటానని రాసుకున్నాను. పట్టుబడే లేదు. నష్టపోయిన రైతును అడిగే మొహం నాకు లేదు. ఉద్యోగంలో ఉంటే డిసెంబరు ఒకటిన జీతం పడేది. దాచుకున్న డబ్బుతో ఆరు నెలలు గడిచాయి.

అప్పటి నుంచి ఒప్పందం కాగితం మార్చుకున్నాను. ఫీజులో మూడో వంతు సీడు వేసిన రోజు, మూడో వంతు 50వ రోజున, మిగిలింది పట్టుబడికి. మందుల షాపుల దగ్గర కమీషన్ తీసుకోనని ఒక వాక్యం. నిషేధించిన యాంటీబయాటిక్స్ గుంటలో పడితే నేను ఉండనని ఒక వాక్యం. ఆఖరున నోటీసు. ఎవరు ఎవరిని వద్దనుకున్నా 15 రోజుల ముందు చెప్పాలి. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు, గుంటలో జబ్బు ఉన్నప్పుడు మాత్రం నా వైపు నుంచి నోటీసు చెల్లదు.

ఆ చివరి వాక్యం పెట్టమని నన్నెవరూ అడగలేదు. ఉద్యోగంలో నోటీసు షరతు కంపెనీ రాస్తుంది, మనం సంతకం పెడతాం. సొంత పనిలో ఆ షరతు మన చేత్తో మనమే రాసుకోవాలి. ఎదుటివాడిని ఏ స్థితిలో వదిలిపోకూడదో తెలిసిన మనిషే అది సరిగ్గా రాయగలడు. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు రేట్లు పడి ఇద్దరు రైతులు పంట ఆపుకున్నారు. 15 రోజుల ముందు ఇంటికొచ్చి చెప్పారు. అప్పటిదాకా చేసిన పనికి లెక్క కట్టి ఇచ్చారు. ఒకరు మరుసటి పంటకు మళ్లీ పిలిచారు.

కాబట్టి టీ బంకు దగ్గర కలిసిన తమ్ముడికి చెప్పేది ఇది. నీ ఇరవై రెండు గుంటల్లో ఆఖరి గుంట పట్టుబడి ఏ రోజో క్యాలెండర్లో గుర్తు పెట్టుకో. ఈలోపు పడే కొత్త సీడు మొదటి రోజు నుంచీ ఇంకొకరి చేతి కింద పెట్టించు. ఆ ఆఖరి రోజు నుంచి నీ నోటీసు రోజులు వెనక్కి లెక్కపెట్టు. ఏ తేదీ వస్తే ఆ తేదీన లెటర్ ఇవ్వు. నోటు పుస్తకం మాత్రం ఈ రాత్రే మొదలుపెట్టు.