విమానం మారే చోటు

సంక్రాంతి దాటి మిరప కోతలు ఊపందుకునే రోజుల్లో నరసరావుపేట, పిడుగురాళ్ల, మాచర్ల వైపు చాలా ఇళ్లలో అమెరికా టికెట్ల మాట మొదలవుతుంది. కూతురి పురుడుకనో, కొడుకు ఇల్లు కొన్నాడనో, పసివాణ్ణి చూసుకునే మనిషి లేదనో అమ్మానాన్నలు ఏప్రిల్‌లో బయల్దేరి దసరాకు ముందు తిరిగి రావాలనుకుంటారు. మా చుట్టాల్లోనూ మా వీధిలోనూ ఆ పని నా దగ్గరికే వస్తుంది. టికెట్లు అమ్మడం నా వృత్తి కాదు, ఏళ్ల తరబడి ఇష్టపడి నేర్చుకున్న పని. వచ్చినవాళ్లు మొదట అడిగేది "ఎంతవుద్ది?" అని. ఎవరెవరు పోతున్నారు, వాళ్లలో ఎక్కువ దూరం నడవలేనివాళ్లెవరు అని నేను తిరిగి అడుగుతాను. ఆ మనిషి ఇబ్బంది పడకుండా విమానం మారగలిగే చోటు ఏదో తేలాకే ధరలు చూస్తాను.

మారక మాత్రం తప్పదు. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా విమానం వేసింది. మన పెద్దవాళ్లకు ఒక గండం గడిచినట్టేననుకున్నాను. తర్వాత దాన్ని ఆపేశారు. కాబట్టి దుబాయ్, దోహా, అబుదాబి, ఫ్రాంక్‌ఫర్ట్, లండన్, కాదంటే ఢిల్లీలో దిగి ఇంకో విమానం ఎక్కాలి. శ్రమ అందులోనే ఉంది, చవకా అందులోనే ఉంది. నేరుగా పోయే విమానానికి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చే జనం ఎప్పుడూ ఉంటారు. మారి పోయేవాటికి ఆ ధీమా లేదు. దోహా మీదుగా తీసుకెళ్లేవాళ్లు దుబాయ్ మీదుగా తీసుకెళ్లేవాళ్లతో, వాళ్లు ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా తీసుకెళ్లేవాళ్లతో పోటీ పడాలి. హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్‌కి తీసిన టికెట్టు, దోహాలోనే ఎక్కి డాలస్‌లో దిగే టికెట్టు కంటే ఒక్కోసారి తక్కువకు రావడానికి కారణం ఇదే. కిలోమీటర్ల లెక్కన ఛార్జీ కట్టే ఆర్టీసీకి అలవాటుపడ్డ మనకు ఇది నమ్మబుద్ధి కాదు.

ఖర్చు లెక్క మన గడప దగ్గర్నుంచే మొదలుపెట్టాలి. నరసరావుపేట నుంచి గన్నవరం విమానాశ్రయం సుమారు 100 కిలోమీటర్లు, శంషాబాద్ 250కి అటూ ఇటూ. దగ్గర కదా, గన్నవరంలో ఎక్కించేద్దాం అనుకుంటారు పిల్లలు. గన్నవరం నుంచి అమెరికా దాకా అంతా ఒకే టికెట్టయితే భేషుగ్గా ఉంటుంది. ఢిల్లీ వరకు ఒక టికెట్టు, అక్కణ్నుంచి ఇంకోటి తీస్తేనే చిక్కు. అమెరికా టికెట్లలో చాలావాటికి మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు. దేశం లోపల తిరిగే విమానంలో మామూలుగా ఇచ్చేది 15 కిలోలు. కారం, గోంగూర పచ్చడి, కంది పొడి, మనవరాలికి పట్టుపావడా అన్నీ సర్దుకున్న మనిషి గన్నవరం కౌంటర్ దగ్గర అదనపు బరువుకు కట్టే డబ్బుతో మిగులు కాస్తా పోతుంది. మాచర్లవాళ్లకు సాగర్ మీదుగా హైదరాబాద్ ఇంకా దగ్గర కాబట్టి గన్నవరం ఆలోచనే అక్కర్లేదు.

కుటుంబానికి కలిపి వెతికేటప్పుడు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఒకే విమానంలో, ఒకే ఎకానమీలో సీట్లన్నిటికీ ఒకే ధర ఉండదు. ధరల మెట్లు ఉంటాయి, ఒక్కో మెట్టుకు ఒక ఇంగ్లీషు అక్షరం, ఆ మెట్టులో అమ్మడానికి ఇన్నే సీట్లని హద్దు. నలుగురికి కలిపి అడిగితే నాలుగు సీట్లూ దొరికే మెట్టునే కంప్యూటర్ చూపిస్తుంది. కింది మెట్టులో రెండే మిగిలి ఉంటే ఆ రెండింటి లాభం కూడా దక్కదు, నలుగురికీ పై ధరే పడుతుంది. అందుకని నేను ముందు ఒక్కరికి చూస్తాను, తర్వాత ఇద్దరికి, ఆ తర్వాతే నలుగురికి. తేడా గట్టిగా ఉంటే రెండు భాగాలుగా తీస్తాను.

అలా తీయడంలో ఒక ప్రమాదం ఉంది. రెండు పీఎన్‌ఆర్‌లు అయ్యాక వాళ్లంతా ఒక ఇంటివాళ్లని విమాన సంస్థ కంప్యూటర్‌కి తెలియదు. ఏ విమానమో రద్దయితే ఇద్దర్ని ఇవాళ, ఇద్దర్ని రేపు పంపినా పంపుతుంది. ఫోన్ చేసి రెండు పీఎన్‌ఆర్‌లనూ ఒకదానితో ఒకటి ముడిపెట్టి రాయించుకోవాలి. చంటిబిడ్డా తల్లీ ఉన్న దానిలోనే తండ్రి కూడా ఉండాలి. అమ్మానాన్నలిద్దర్నీ మాత్రం నేను ఎప్పుడూ విడదీయను, ఎంత మిగిలినా సరే.

రెండేళ్లు నిండని బిడ్డకు వేరే సీటు లేకుండా పెద్దల ఛార్జీలో సుమారు పదో వంతు తీసుకుంటారు. తిరిగొచ్చే తేదీలోపు రెండో పుట్టినరోజు దాటుతుందా అన్నది చూసుకోవాలి. దాటితే ఆ ప్రయాణానికి సీటు కొనాల్సిందే. బిడ్డను పడుకోబెట్టే తొట్టి ముందు గోడ వరుసలోనే ఉంటుంది, దానికీ బరువు హద్దుంది, టికెట్టు తీసిన రోజే అడిగి పెట్టించుకోవాలి.

మళ్లీ మళ్లీ చూస్తే విమాన సంస్థలకు తెలిసిపోయి ధర పెంచుతారని ఒక భయం జనంలో ఉంది. నేను గమనించినంతలో జరిగేది ఒకటే, మనం ఆలోచిస్తూ కూర్చున్నంతలో కింది మెట్టు సీట్లు ఇంకెవరో కొనేస్తారు. అమెరికాకు పోయే, అక్కణ్నుంచి వచ్చే విమానాల విషయంలో అక్కడి ప్రభుత్వ నిబంధన ఒకటి మనకు ధైర్యమిస్తుంది. ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు, విమాన సంస్థ దగ్గరే నేరుగా కొన్న టికెట్టును 24 గంటల్లోపు రద్దు చేసుకుంటే మొత్తం డబ్బు తిరిగివ్వాలి. అలా ఇవ్వని సంస్థ, డబ్బు కట్టకముందే ఆ ధరను 24 గంటలు మనకోసం ఆపి ఉంచాలి. ఇంట్లో అందరితో మాట్లాడుకోవడానికి ఒక రాత్రి దొరుకుతుంది.

ఎంత చవకైనా వేర్వేరు టికెట్లు అతికించి పెద్దవాళ్లను పంపడానికి నేను ఒప్పుకోను. ఒకే టికెట్టులో మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి విమానంలో కూర్చోబెట్టే బాధ్యత సంస్థది. రెండు టికెట్లయితే రెండో సంస్థకు మనం కౌంటర్ దగ్గరికి రాని ప్రయాణికులం, అంతే. పైగా పెట్టెలు తీసుకుని మళ్లీ ఇవ్వడానికి బయటికి రావాలంటే మధ్యలో దిగిన దేశం వీసా కావాల్సి రావచ్చు. 2023 మే 3న గో ఫస్ట్ విమానాలు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు, ఢిల్లీ దాకా వాటిలో పోయి అక్కడ విదేశీ విమానం ఎక్కుదామనుకున్నవాళ్లకు అసలు టికెట్టు భద్రంగానే ఉంది, ఢిల్లీ చేరే దారే పోయింది. 2025 జూన్ 23 సాయంత్రం ఖతార్ తన గగనతలాన్ని మూసేసింది. దోహా చేరాల్సిన విమానాలు ఎక్కడెక్కడికో మళ్లాయి. అలాంటి రాత్రి ఒకే టికెట్టు ఉన్న మనిషికి కనీసం ఏ కౌంటర్ ముందు నిలబడాలో తెలుస్తుంది.

ఇక మారడానికి ఎంత సమయం ఉండాలి? గంటకు కాస్త అటూ ఇటూ చాలని సంస్థలు లెక్కగట్టి టికెట్లు అమ్ముతాయి. ఆ లెక్క బ్యాగు భుజాన వేసుకుని పరుగెత్తే కుర్రాడికి సరిపోతుంది. అరవై ఐదేళ్ల పెద్దమ్మకు మూడు గంటలైనా ఉండాలి. విమానం దిగాలి, తనిఖీ దాటాలి, బాత్రూమ్ వెతుక్కోవాలి, బీపీ మాత్ర వేసుకోవాలి, గేటు మార్చారేమో చూసుకోవాలి. అలాగని పది పన్నెండు గంటల ఎదురుచూపు కూడా చవకేం కాదు. అక్కడ మంచినీళ్ల సీసా, ఇడ్లీలాంటిది ఏదైనా కొన్నా ధర చూసి వాళ్లు తినడం మానేస్తారు. ఆకలితో కూర్చునే పెద్దవాళ్లను తలుచుకుంటే రెండు, మూడు వేలు ఎక్కువైనా నాలుగు గంటల లోపు కనెక్షనే తీయమంటాను.

దోహా విమానాశ్రయం నడుమ ఏడు మీటర్ల పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ ఉంది, తల మీద దీపంతో. ఉర్స్ ఫిషర్ అనే స్విస్ కళాకారుడు చేసింది. భార్యాభర్తల్లో ఒకరు తప్పిపోతే అక్కడికి వచ్చి కూర్చోండి అని నేను చెప్పి పంపుతాను. అక్షరాలు చదవలేనివాళ్లకూ గుర్తుండే చోటది. దుబాయ్‌లో అలాంటి ఒక్క గుర్తు చెప్పలేను, ఒక కాంకోర్స్ నుంచి ఇంకోదానికి రైలెక్కాల్సి కూడా రావచ్చు.

అబుదాబిది ఇంకో సౌలభ్యం. 2014 నుంచి అమెరికా ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ అక్కడే పూర్తి చేస్తున్నారు. ఎతిహాద్‌లో న్యూయార్క్‌కో షికాగోకో పోయేవాళ్లు అమెరికాలో దిగాక దేశం లోపలి ప్రయాణికుల్లా నేరుగా బయటికి నడిచి రావచ్చు. మిగతా దారుల్లో పోయేవాళ్లు మామూలుగా అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ బెల్టు మీద వేయాలి. డాలస్‌లో దిగి ఇంకో చిన్న ఊరికి విమానం మారాల్సిన తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. పెట్టెలు కొడుకు ఉండే ఊళ్లోనే వస్తాయనుకుని చేతులూపుకుంటూ వెళ్లిపోతారు. అందుకే నేను వీలైనంతవరకు అమెరికాలో రెండోసారి మారకుండా చూస్తాను. పెద్ద ఊళ్లో దింపి, అక్కడికి కొడుకునో అల్లుణ్నో మూడు, నాలుగు గంటలు కారు నడుపుకుంటూ రమ్మంటాను.

"అబ్బాయ్, ఆడ దిగినాక నేనెవుర్ని అడగాల? వాళ్ల మాట నాకు రాదుగా" అంటుంది పెద్దమ్మ. ఈ భయంతోనే మోకాళ్లు బాగున్నవాళ్లు కూడా వీల్‌చైర్ పెట్టించమంటారు. వాళ్లను తప్పుపట్టలేను, తోడు ఒక మనిషి దొరికే మార్గం వాళ్లకు అదొక్కటే తెలుసు. కానీ కుర్చీలు తోసే మనుషులు కొద్దిమందే, నిజంగా నడవలేనివాళ్లు విమానం తలుపు దగ్గర ఎదురుచూస్తూ ఉండిపోతారు. నడవలేనివాళ్లకు 48 గంటలు ముందుగానే వీల్‌చైర్ రాయించాలి, ఏ మొహమాటమూ అక్కర్లేదు. భాష ఒక్కటే ఇబ్బంది అయినవాళ్లకు నేను ఒక కాగితం రాసిస్తాను. పైన తెలుగులో, కింద ఇంగ్లీషులో: నాకు తెలుగు తప్ప రాదు, ఈ విమానంలో వచ్చాను, ఈ విమానం ఎక్కాలి, దయచేసి గేటు చూపించండి, మా అమ్మాయి ఇల్లు ఫలానా చోట, ఆమె ఫోను ఇది. ఇమ్మిగ్రేషన్ అధికారి అడిగే ఎన్నాళ్లుంటారు, ఎందుకొచ్చారు అన్న ప్రశ్నలకు జవాబులు కూడా అదే కాగితంలో ఉంటాయి. ఆ కాగితం చీర కొంగున ముడేసుకుని వెళ్లిన పెద్దమ్మలున్నారు.

పేర్ల దగ్గర మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా జాగ్రత్త కావాలి. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, కొందరికైతే ఇంటిపేరు గడి ఖాళీ. టికెట్టు మీద పాస్‌పోర్టులో ఉన్నదే అక్షరం పొల్లుపోకుండా పడాలి. ఒక్క పేరే ఉన్నవాళ్లకు ఒక్కో సంస్థ ఒక్కో పద్ధతి పాటిస్తుంది కాబట్టి డబ్బు కట్టకముందే ఆ సంస్థను అడగాలి. ఏజెంటు పీఎన్‌ఆర్ పంపగానే టికెట్టు వచ్చేసిందని సంబరపడకండి. సీటు పట్టి ఉంచినా పీఎన్‌ఆర్ వస్తుంది. 13 అంకెల ఈ-టికెట్ నంబరు ఉంటేనే టికెట్టు. ఎమిరేట్స్‌దైతే 176తో, ఖతార్‌దైతే 157తో, ఎతిహాద్‌దైతే 607తో, ఎయిరిండియాదైతే 098తో మొదలవుతుంది.

తేదీలు కుదిరితే సగం పని అయినట్టే. ఆగస్టులో చదువులకు పోయే పిల్లలతో హైదరాబాద్ విమానాలు కిటకిటలాడతాయి, డిసెంబరులో అక్కణ్నుంచి వచ్చే కుటుంబాలతో. శివరాత్రికి జరిగే కోటప్పకొండ తిరునాళ్ల నాటికి ధరలు దిగుతాయి, కానీ అమెరికా బళ్లకు సెలవులుండవు. ప్రభలు పిల్లలకు చూపించాలని కోరిక ఉన్న దంపతులకు నేను చెప్పేది ఒకటే, వాళ్లు బడిలో చేరకముందే తీసుకురండి. కారంపూడి వీరుల ఉత్సవాలు కార్తీక అమావాస్యకు మొదలవుతాయి, కొన్ని సంవత్సరాల్లో అవి థాంక్స్‌గివింగ్ సెలవుల పక్కనే పడతాయి. క్యాలెండర్ ముందే చూసుకున్నవాళ్లకు డిసెంబరు రద్దీకి ముందే సీట్లు దొరుకుతాయి.

డాలస్‌లో కొడుకు, న్యూజెర్సీలో కూతురు ఉన్న ఇళ్లు మన దగ్గర ఎన్నో. అలాంటివాళ్లు డాలస్‌కి రానూపోనూ తీయనక్కర్లేదు. డాలస్‌లో దిగి, న్యూయార్క్‌లో తిరుగు విమానం ఎక్కేలా మల్టీ సిటీ అన్నచోట వెతికితే దాదాపు అదే ధరకు వచ్చే సందర్భాలు చాలా ఉన్నాయి. తీసుకున్న టికెట్టులో ఏ ఒక్క విమానం ఎక్కకుండా వదిలేసినా దాని తర్వాతివన్నీ రద్దవుతాయి. అల్లుడు కారులో తీసుకెళ్తానన్నాడని మధ్యలో ఒకటి మానేసిన పెద్దవాళ్లకు తిరుగు టికెట్టు ఉండదు.

తిరుగు ప్రయాణంలో ఎవరూ లెక్కలో వేయని ఖర్చు ఒకటుంది. గల్ఫ్ విమానాలు చాలా శంషాబాద్‌లో అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో దిగుతాయి. తీసుకురావడానికి ఇంటి నుంచి ముందురోజు సాయంత్రమే కారు బయల్దేరుతుంది. డ్రైవరుకు నిద్ర ఉండదు, అదే కారు అదే చీకట్లో నల్గొండ, మిర్యాలగూడ, దాచేపల్లి దాటుకుంటూ అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద తిరిగి రావాలి. ఉదయం 8 గంటల తర్వాత దిగే విమానం నాలుగు వేలు ఎక్కువైనా అదే తీస్తాను. అది దొరక్కపోతే టికెట్టు ధరలో హైదరాబాద్‌లో ఒక గది అద్దె కూడా కలిపి చెబుతాను. కారు తెల్లారాక నరసరావుపేటలో బయల్దేరి మధ్యాహ్నానికి అక్కడికి చేరితే చాలు.