నోబుల్ కాలేజీ తలుపు ఎవరికి తెరుచుకుంది?

బందరు నోబుల్ కాలేజీ గురించి మాట్లాడేవాళ్లంతా దాదాపు ఒకే వరస పట్టుకుంటారు. 1843లో రాబర్ట్ నోబుల్ దొర ఇంగ్లీషు బడి పెట్టాడు, అదే పెరిగి కాలేజీ అయింది, పట్టాభి సీతారామయ్య అక్కడ చదివాడు, రఘుపతి వెంకటరత్నం నాయుడు అక్కడ పాఠం చెప్పాడు. ఇవన్నీ నిజాలే. వీటితో మాకు పేచీ లేదు. అయితే ఈ వరసలో ఒక నిజం ఎప్పుడూ జారిపోతుంది. నోబుల్ తన బడిలోకి మాల, మాదిగ పిల్లల్ని రానివ్వలేదు. అది అనుకోకుండా జరిగింది కాదు. వాళ్లెవరూ రాలేదు కాబట్టి జరిగిందీ కాదు. అది ఆలోచించి తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టి రాసే కాలేజీ చరిత్ర చరిత్ర కాదు, పొగడ్త.

నోబుల్, హెన్రీ ఫాక్స్ ఇద్దరూ సి.ఎం.ఎస్. మిషను తరఫున 1841లో బందరు వచ్చారు. ఫాక్స్ ఊళ్లు తిరిగి సువార్త చెప్పే పని తీసుకున్నాడు. నోబుల్ బడి పని తీసుకున్నాడు. ఆయన గురి స్పష్టం: బ్రాహ్మణులు, వాళ్ల తర్వాత తక్కిన పై కులాలు. వాళ్లు మారితే కిందివాళ్లు వాళ్ల వెంటే వస్తారని ఆయన నమ్మకం. ఆ పై కులాల పిల్లలు రావాలంటే అంటరానివాళ్ల పిల్లలు ఆ బెంచీల మీద ఉండకూడదు. ఉండకుండానే చూశాడు.

నోబుల్ ఈ సంగతి దాచుకోలేదు. తోటి మిషనరీలు కొందరు తప్పుబట్టినప్పుడు ఆయన ఎదురు ప్రశ్న వేశాడు. ఇంగ్లండులో మాత్రం దొరల పిల్లల్ని బండి తోలేవాళ్ల పక్కన, వంటవాళ్ల పక్కన కూచోబెట్టి సువార్త చెబుతున్నామా అన్నది ఆయన వాదన సారం. ఇది చాలా విలువైన మాట. కులం గురించి ఏమీ తెలియని అమాయకపు తెల్లవాడు బ్రాహ్మణుల మాట విని మోసపోయాడని కొందరు సర్ది చెబుతారు. అది నిలవదు. ఆయనకు తన దేశపు హెచ్చుతగ్గులు తెలుసు. ఆ హెచ్చుతగ్గుల కళ్లతోనే మన కులాన్ని చూశాడు, చూసి సహజమే అనుకున్నాడు. అక్కడి వర్గం, ఇక్కడి కులం బందరు బడి వాకిట్లో చేతులు కలిపాయి.

"ఆ రోజుల్లో అంతకంటే ఏం చేయగలడు? మాలపిల్లవాణ్ణి చేర్చుకుంటే మర్నాటికి బడి ఖాళీ" అనేది రెండో సర్దుబాటు. దీనికి జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, ఆ బడి చరిత్రలోనే ఉంది. 1852లో మంచాల రత్నం అనే బ్రాహ్మణ విద్యార్థి, ఐనాల భూషణం అనే వెలమ విద్యార్థి బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు భగ్గుమంది. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు. బడి నిజంగానే ఖాళీ అయింది. నోబుల్ వెనక్కి తగ్గాడా? తగ్గలేదు. ఆ ఇద్దరినీ వదులుకోలేదు. ఖాళీ బెంచీల ముందు ఓపిక పట్టాడు. కొంతకాలానికి పిల్లలు మళ్లీ వచ్చారు. బడి నిలబడింది, పెరిగింది.

మేం పట్టుకోవాల్సింది ఇక్కడే. బడి ఖాళీ అవుతుందనే భయం నోబుల్‌కు లేదు. ఇద్దరు పై కులాల యువకుల కోసం బడిని పణంగా పెట్టే ధైర్యం ఆయనకు ఉంది. ఆ ధైర్యాన్ని ఒక్క మాలపిల్లవాడి కోసం, ఒక్క మాదిగపిల్లవాడి కోసం ఖర్చు పెట్టలేదు. మొదటిదాన్ని విశ్వాసం అనుకున్నాడు. రెండోదాన్ని తొందరపాటు అనుకున్నాడు. కాబట్టి "గతిలేక చేశాడు" అనే మాట 1852 తర్వాత చెల్లదు. పిల్లలు పోయినా మళ్లీ వస్తారని ఆయన కళ్లారా చూశాడు.

కాలం అలాంటిది అనే మాట కూడా చెల్లదు. నోబుల్ బందరులో బడి నడుపుతున్న కాలంలోనే పుణెలో జోతీరావు ఫూలే, సావిత్రీబాయి 1848లో ఆడపిల్లలకు బడి పెట్టారు. ఆ తర్వాత మహర్, మాంగ్ పిల్లలకు పెట్టారు. అవి మిషను బడులూ కావు, సర్కారు బడులూ కావు. మన కోస్తాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. నోబుల్ పోయిన తర్వాత ఏడాది, 1866లో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు వచ్చాడు. అక్కడి పై కులాలవాళ్లు తమ పిల్లల కోసం బడి పెట్టమన్నారు, పెట్టాడు. ఈలోగా ఎర్రగుంట్ల పేరయ్య వెంట మాదిగలు సంఘంలోకి రావడం మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లల్ని పంపం అన్నారు పై కులాలవాళ్లు. నోబుల్ ముందున్న ప్రశ్నే క్లౌ ముందుకూ వచ్చింది. క్లౌ మాదిగల వైపు నిలబడ్డాడు. పై కులాల పిల్లలు బడి మానేశారు. 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మతం మారితే విముక్తి వచ్చేసిందని మేం అనడం లేదు. ఎన్నుకునే అవకాశం ఉందని మాత్రం అంటున్నాం.

ఇంకా చోద్యం ఏమిటంటే, నోబుల్ సొంత మిషనులోనే ఆయన సిద్ధాంతం తలకిందులయింది. ఆయన బతికుండగానే, 1859లో, రాఘవాపురం మాల పెద్ద పగోలు వెంకయ్య సి.ఎం.ఎస్. మిషనరీ డార్లింగును తనే వెతుక్కుంటూ పోయి బాప్తిస్మం పొందాడు. ఆయన వెంట ఊరూరా మాలలు కదిలారు. పై నుంచి కిందికి వస్తుందన్నది కింది నుంచే లేచింది. బందరు బడిలో ఏళ్ల తరబడి చెమటోడిస్తే వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కించదగ్గవాళ్లు. వెలివాడల్లో ఎవరూ పిలవకుండానే వచ్చినవాళ్లతో సంఘం నిండింది. ఆ సంఘం పేరు చెప్పుకునే బడి తలుపు మాత్రం వాళ్ల పిల్లలకు మూసే ఉంది.

ఈ ఆలోచన నోబుల్ ఒక్కడిదే కాదు. 1835లో మెకాలే మినిట్ చెప్పిందీ ఇదే: ముందు కొద్దిమందికి చదువు చెబితే వాళ్ల ద్వారా అది జనానికి అందుతుందని. కృష్ణా డెల్టా రైతును అడిగితే ఈ సిద్ధాంతం సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది, కాలవలు పారాయి. కానీ కాలవ తలలో ఉన్నవాడు తూము వదిలితే గదా శివారుకు నీళ్లు! ఎగువవాడు తన చేను తడుపుకున్నాక, రెండో పంటకూ పెట్టుకున్నాక మిగిలితే శివారువాడి వంతు. చదువు కూడా అట్లాగే పారింది. నోబుల్ శిష్యులు సర్కారు కొలువుల్లో చేరారు. నిజాయితీపరులని పేరూ తెచ్చుకున్నారు. ఆ నిజాయితీ వెలివాడకు ఒక బడిని తేలేదు. 1882లో హంటర్ కమిషన్ ముందు ఫూలే అడిగింది సరిగ్గా ఇదే: పై కులాలకు ఇన్నేళ్లు చదువు చెప్పారు గదా, వాళ్లు కింది జనానికి పంచింది ఏమిటి?

ఇక మన సంగతి. కోస్తా దళితుల్లో చాలామందిమి మిషను బడుల పలకల మీద దిద్దుకున్నవాళ్లమే. ఆ కృతజ్ఞత అబద్ధం కాదు. అయితే కృతజ్ఞత వేరు, కళ్లు మూసుకోవడం వేరు. మిషనరీలంతా మనల్ని చేరదీశారని మనమే చెప్పుకుంటూ పోతే, తలుపు తట్టి లోపలికి వచ్చిన వెంకయ్యలూ పేరయ్యలూ చరిత్రలో కనబడకుండా పోతారు. చదువు మనకు ఎవరో పెట్టిన భిక్ష కాదు. మన పెద్దలు పోయి అడిగి తెచ్చుకున్నది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాసభ జరిగి, ఆది ఆంధ్రులమని పేరు పెట్టుకున్నది కూడా ఆ అడగడంలో భాగమే.

అందుకే పాత కాలేజీల చరిత్ర రాసేవాళ్లను, ఉత్సవాలకు సంచికలు వేసేవాళ్లను మేం కొన్ని ప్రశ్నలు అడుగుతున్నాం. మీ కాలేజీలో మొదటి మాల విద్యార్థి ఏ సంవత్సరం చేరాడు? మొదటి మాదిగ విద్యార్థి? వాళ్ల మధ్య ఎన్నేళ్ల తేడా? మొదటి దళిత అమ్మాయి ఎవరు? హాస్టల్లో పంక్తి ఎప్పుడు కలిసింది? స్టాఫ్ రూములో మొదటి దళిత లెక్చరరుకు కుర్చీ ఎప్పుడు వచ్చింది? ప్రిన్సిపాళ్ల ఫొటోల వరస పక్కన ఈ జవాబులు కూడా అచ్చు వేయండి. అడ్మిషన్ రిజిస్టర్లలో కులం గడి ఒకటుంటుంది. విద్యార్థులు, టీచర్లు ఆ గడి నుంచి చరిత్ర చదవడం మొదలుపెట్టాలి.

అంబేద్కర్ పై నుంచి నీళ్లు దిగుతాయని కాలవ గట్టు మీద కూచోలేదు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టాడు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలోని ఔరంగాబాదులో మిళింద్ కాలేజీ తెరిచాడు. శివారు నుంచే కాలవ తవ్వాడు. బందరు బడి 1843లో ఎవరికి తెరుచుకుందో తెలిస్తేనే ఆ తవ్వకం ఎంత పెద్దదో మనకు అర్థమవుతుంది.